ఆరు డేటాబేస్‌లు కైనేజ్ అన్నంత మాత్రాన దాన్ని కైనేజ్ అని రాయవచ్చా?

సంగటి (ఎలహంక, బెంగళూరు):

నమస్కారం. నేను ఇక్కడ ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థినిని. మాది మడకశిర. రాగి సంగటి తిని పెరిగినదాన్ని కనుక, రాగి మొక్క మీదే పని దొరికిందని చెప్పినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. నీటి ఎద్దడికి గురైన మొక్కల్లో ఎక్కువగా వ్యక్తమయ్యే కొన్ని జన్యువుల నుంచి ఊహించిన ప్రొటీన్ సీక్వెన్సులను (అమైనో ఆమ్లాల వరుసలను) అనేక డేటాబేస్‌ల మోడళ్లతో పోల్చే ఇంటర్‌ప్రోస్కాన్ అనే ప్రోగ్రాంలో నడిపి, ఒక్కొక్కటి ఏ కుటుంబానికి చెందుతుందో, ఏం పని చేస్తుందో పట్టికగా పెట్టడం ప్రస్తుతం నా పని.

వాటిలో ఒక ప్రొటీన్ దగ్గర ఆగిపోయాను. దాని పొడవు 612 అమైనో ఆమ్లాలు. ముందు భాగంలో ల్యూసిన్ అధికంగా ఉండే పునరావృత్తులు, మధ్యలో కణపొరను దాటే ఒక ముక్క, చివరి భాగంలో కైనేజ్‌ను (ఏటీపీ నుంచి ఫాస్ఫేట్‌ను మరొక ప్రొటీన్‌కు బదిలీ చేసే ఎంజైమ్‌ను) పోలిన ప్రాంతం ఉన్నాయి. ఆ చివరి భాగానికి ఆరు డేటాబేస్‌ల మోడళ్లు సరిపోయాయి: పీఫామ్ నుంచి పీఎఫ్07714, ప్రోసైట్ ప్రొఫైళ్ల నుంచి పీఎస్50011, సూపర్‌ఫ్యామిలీ నుంచి ఎస్ఎస్ఎఫ్56112, సీడీడీ నుంచి సీడీ14066, పాంథర్ నుంచి ఒక కుటుంబం, జీన్3డీ నుంచి ఒకటి కాక రెండు వేర్వేరు ముక్కలు తగిలాయి. జీన్ ఆంటాలజీ (ప్రొటీన్‌ల పనులను చెప్పే స్థిరమైన పదాల జాబితా) గడిలో ‘ప్రొటీన్ కైనేజ్ క్రియ’, ‘ఏటీపీ బంధనం’ అని వచ్చాయి. అయితే సెరీన్/థ్రియోనిన్ కైనేజ్‌ల క్రియాస్థానాన్ని గుర్తించే ప్రోసైట్ నమూనా పీఎస్00108 మాత్రం తగలలేదు.

ఆరు డేటాబేస్‌లు ఒకే మాట చెబుతున్నప్పుడు ఒక చిన్న నమూనా తగలకపోవడాన్ని పట్టించుకోనక్కరలేదని, ‘రిసెప్టర్ కైనేజ్’ అని రాసి ముందుకు సాగమని మా ప్రయోగశాలలో ఒకరు అంటున్నారు. ఇది కైనేజ్ రూపమే తప్ప పని చేయని సూడోకైనేజ్ అని మరొకరు అంటున్నారు. ఇలాంటి సందర్భంలో ఎన్ని డేటాబేస్‌లు అవునన్నాయో లెక్కపెట్టి నిర్ణయించవచ్చా? జీన్3డీ ఎందుకు రెండుగా విడదీసింది? జీన్ ఆంటాలజీ గడిని ఎంతవరకు నమ్మాలి? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరు.


పాత అలైన్‌మెంట్ (మల్లేశ్వరం, బెంగళూరు):

సంగటి గారూ, మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: లెక్కపెట్టకూడదు. ఎందుకో చెప్పాలంటే ఇంటర్‌ప్రో ఎలా ఏర్పడిందో కొంత చెప్పాలి.

1988లో వచ్చిన ప్రోసైట్ చిన్న చిన్న నమూనాలతో మొదలైంది. తరువాత వచ్చిన ప్రింట్స్ ఒకే కుటుంబంలో చెదరకుండా నిలిచిన అనేక చిన్న ముక్కలను కలిపి వేలిముద్రలా వాడింది. పీఫామ్ డొమైన్ (ప్రొటీన్‌లో తనంత తానుగా మడతపడే భాగం) మొత్తాన్ని హిడెన్ మార్కోవ్ మోడల్‌గా, అంటే ఏ స్థానంలో ఏ అమైనో ఆమ్లం రావచ్చో చెప్పే గణిత మోడల్‌గా మలచింది. ఒకే ప్రొటీన్‌ను నాలుగు చోట్ల వెదికి, నాలుగు పేర్లు తెచ్చుకుని, అవి ఒకటో కాదో తెలియక తికమకపడే పరిస్థితి అప్పట్లో ఉండేది. దాన్ని చక్కదిద్దడానికి 1999లో ఇంటర్‌ప్రో మొదలైంది. వేర్వేరు డేటాబేస్‌లలో ఒకే విషయాన్ని వర్ణించే మోడళ్లను నిపుణులు పరిశీలించి, ఒక ఐపీఆర్ సంఖ్య కింద చేర్చుతారు. ఆ సంఖ్య కుటుంబానిదా, డొమైన్‌దా, సజాతీయ మహాకుటుంబానిదా, పునరావృత్తిదా, లేక క్రియాస్థానం వంటి చిన్న చోటుదా అన్నది కూడా ఎంట్రీలోనే ఉంటుంది. మీ పట్టికలో ఆ రకాన్ని తెలిపే గడి లేకపోతే ముందుగా అది చేర్చండి, ఎందుకంటే మహాకుటుంబం పేరును కుటుంబం పేరుగా చదవడం వల్లనే సగం పొరపాట్లు జరుగుతాయి.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, మీకు తగిలిన ఆరు మోడళ్లూ ప్రపంచానికి అప్పటికే తెలిసిన కైనేజ్ సీక్వెన్సుల నుంచి తయారైనవే. ఒకే ఇంటివాళ్లు ఆరుగురు వరుసగా సంతకం పెట్టినంత మాత్రాన అది ఆరు సాక్ష్యాలు అవ్వదు. పైగా వాళ్లు సాక్ష్యం చెబుతున్నది వంశం గురించి. ఈ ప్రాంతం కైనేజ్‌ల పూర్వరూపం నుంచి వచ్చిందనీ, దాని మడత అదేననీ వారు చెబితే నిస్సందేహంగా నమ్మవచ్చు. అది ఈనాటికీ ఫాస్ఫేట్‌ను బదిలీ చేస్తున్నదా అన్న ప్రశ్న వారిని ఎవరూ అడగలేదు.

జీన్3డీ విషయం తేలికైనదే. సూపర్‌ఫ్యామిలీ డేటాబేస్ స్కాప్ వర్గీకరణ మీద, జీన్3డీ కాథ్ వర్గీకరణ మీద ఆధారపడ్డాయి. కైనేజ్ డొమైన్‌లో రెండు తమ్మెలు ఉంటాయి. ముందుది చిన్నది, ఎక్కువగా బీటా పోగులతో కూడినది, వెనుకది పెద్దది, ఎక్కువగా ఆల్ఫా హెలిక్స్‌లతో కూడినది. స్కాప్ ఆ రెంటినీ కలిపి ఒకే డొమైన్ అంటుంది. కాథ్ వాటిని 3.30.200.20, 1.10.510.10 అని రెండుగా విడదీస్తుంది. కాబట్టి మీ ప్రొటీన్‌లో రెండు కైనేజ్ డొమైన్‌లు ఉన్నాయని పొరపాటున రాయకండి; ఇలాంటి వాక్యాన్ని నేను సమీక్షకుడిగా ఒకసారి కొట్టివేయవలసి వచ్చింది.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పీఎఫ్07714 పేరులో ‘టైరోసిన్’ ముందు కనిపిస్తుంది కనుక దీన్ని టైరోసిన్ కైనేజ్ అని రాసేవారున్నారు. మొక్కల రిసెప్టర్ కైనేజ్‌లు పీఎఫ్00069 కంటే ఈ మోడల్‌కు ఎక్కువగా సరిపోవడం మామూలే. ఆ రెండూ ఒకే పీఫామ్ క్లాన్ (సంబంధిత కుటుంబాల గుంపు)లోవి కనుక, ఒకే చోట రెండూ తగిలితే మెరుగైనదొక్కటే ఫలితంలో మిగులుతుంది. సీడీ14066 పేరులోని ‘ఐరాక్’ అనేది జంతువుల ఇంటర్‌ల్యూకిన్ రిసెప్టర్‌తో కలిసి పనిచేసే కైనేజ్ పేరు. రాగి మొక్కలో ఇంటర్‌ల్యూకిన్ ఉండదు, మీరు నీరు పెట్టినా పెట్టకపోయినా.

అసలు విషయం పీఎస్00108. అది ఇలా చదువుతుంది: నీటికి దూరంగా ఉండే స్వభావం గల ఒక అమైనో ఆమ్లం, ఏదైనా ఒకటి, హిస్టిడిన్ లేదా టైరోసిన్, ఏదైనా ఒకటి, తప్పనిసరిగా అస్పార్టేట్, మళ్లీ నీటికి దూరమైనది ఒకటి, లైసిన్, ఏవైనా రెండు, ఆస్పరజిన్, చివర ఒక పరిమిత జాబితా నుంచి మూడు. ఈ నమూనాకు నడిమి మార్గం లేదు. పదమూడు స్థానాల్లో ఒక్కటి తప్పినా తగలలేదనే చెబుతుంది. అందువల్ల తగలకపోవడం దానికదే తీర్పు కాదు. ఏ స్థానం తప్పిందో మీరు కళ్లతో చూడాలి. చివరి మూడింటిలో ఒకటి మారితే పెద్ద విశేషం లేదు. అస్పార్టేట్ పోయి ఉంటే మాత్రం కథ మారుతుంది, ఎందుకంటే ఫాస్ఫేట్‌ను అందుకునే హైడ్రాక్సిల్‌ను సరైన చోట నిలిపేది అదే. దానికి ముందున్న ‘ఏదైనా ఒకటి’ స్థానంలో చాలా కైనేజ్‌లలో ఆర్జినిన్ ఉంటుంది. మొక్కల సహజ రోగనిరోధక రిసెప్టర్లలో అనేకం ఆ ఆర్జినిన్ లేనివే. వాటికీ ఈ నమూనా తగులుతుంది.

‘ప్రొటీన్ కైనేజ్-ఏ’ అనే కైనేజ్‌లోని స్థాన సంఖ్యలతో చూస్తే లైసిన్ 72, అస్పార్టేట్ 166, అస్పార్టేట్ 184 అనే మూడు స్థానాలు ముఖ్యం. మొదటిది ఏటీపీ ఫాస్ఫేట్‌లను పట్టుకోవడానికి, రెండవది నేను పైన చెప్పినది, మూడవది మెగ్నీషియంను పట్టుకోవడానికి. మీ సీక్వెన్సును ఆ ప్రొటీన్‌తోనూ, పరిశోధనల్లో నమూనాగా వాడే అరబిడాప్సిస్ మొక్కలోని దగ్గరి బంధువులతోనూ అలైన్ చేసి (స్థానానికి స్థానం సరిపోల్చి), ఈ మూడు నిలువు వరుసల్లో ఏముందో ఇక్కడ రాయండి. సంఖ్యలకంటే ఆ మూడు అక్షరాలే మీకు ఎక్కువ చెబుతాయి.

జీన్ ఆంటాలజీ గడి ఇంటర్‌ప్రో ఎంట్రీకి ముందే కట్టి ఉంచిన పదాలను యథాతథంగా దించుకుంటుంది. మీ ప్రొటీన్‌ను ఎవరూ పరీక్షించలేదు. యూనిప్రాట్ అనే ప్రొటీన్ డేటాబేస్‌లో అలాంటి పదాల పక్కన ఐఈఏ అనే ఆధార సంకేతం ఉంటుంది, అంటే మనిషి చూడకుండా యంత్రం అంటించినది అని అర్థం. ప్రయోగం నుంచి వచ్చినదానికి ఐడీఏ వంటి సంకేతం ఉంటుంది. ఎంజైమ్ మహాకుటుంబాలను తీసుకుని 2009లో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశీలనలో, నిపుణులు చేతితో సరిచూసే స్విస్-ప్రాట్‌లో పొరపాట్లు చాలా తక్కువగానూ, యంత్రాలు నింపే పెద్ద డేటాబేస్‌లలో గణనీయంగానూ కనిపించాయి. ఆ పొరపాట్లలో ఎక్కువ భాగం అతిగా చెప్పడమే. అంటే మహాకుటుంబం వరకు చెప్పగలిగిన చోట నిర్దిష్టమైన క్రియను అంటగట్టడం.


గిండీ రైలు (చెన్నై):

పై సమాధానంతో నాకు భేదం లేదు. అయితే అస్పార్టేట్ ఉందా లేదా అని చూసే ముందు, ఆ సీక్వెన్సు సరైనదేనా అన్నది చూడాలి. నేను ఇటువంటి స్కాన్‌లు నడిపే ఉద్యోగంలో ఉన్నాను. క్రియాస్థానం లేని కైనేజ్‌లుగా నా బల్ల మీదకు వచ్చినవాటిలో చాలావాటికి అసలు రోగం జన్యు నమూనాలోనే ఉండేది. జీనోమ్ నుంచి జన్యువును ఊహించే ప్రోగ్రాం ఒక చిన్న ఎక్సాన్‌ను (ప్రొటీన్‌కు సంకేతమయ్యే ముక్కను) దాటేసినా, ఇంట్రాన్ (మధ్యలో తొలగిపోయే ముక్క) అంచును ఆరు అక్షరాలు అటుగా పెట్టినా, పోయే ముక్క సరిగ్గా మీరు వెదుకుతున్న చోటే కావచ్చు.

పరీక్షించే తీరు చెబుతాను. ముందుగా పీఫామ్ మోడల్‌లో ఎంత భాగం మీ సీక్వెన్సు మీద పడిందో చూడండి. కైనేజ్ డొమైన్ సాధారణంగా 250 నుంచి 300 అమైనో ఆమ్లాల పొడవు ఉంటుంది. మీకు తగిలిన నిడివి 180 దగ్గరే ఆగితే అనుమానించవలసిందే. తరువాత మీ దగ్గర ఉన్న ఆర్ఎన్ఏ రీడ్‌లను (సీక్వెన్సింగ్‌లో చదివిన చిన్న ముక్కలను) ఆ జన్యువు మీద పరచి, ప్రతి ఎక్సాన్ కలయికకూ రీడ్‌ల మద్దతు ఉందో లేదో చూడండి.

రాగి విషయంలో మీకు మరొక సౌకర్యం ఉంది. రాగి నాలుగింతల జీనోమ్ గలది; 36 క్రోమోజోములతో, ‘ఏ’, ‘బీ’ అనే రెండు ఉపజీనోమ్‌లు (వేర్వేరు పూర్వీకుల నుంచి వచ్చిన క్రోమోజోముల జట్లు) అందులో ఉన్నాయి. బెంగళూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 2017లో ఎంఎల్-365 రకం జీనోమ్ ముసాయిదాను ప్రచురించింది. మీ జన్యువుకు రెండవ ఉపజీనోమ్‌లో జోడీ ఉంటే దాన్ని పక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ అదే స్థానంలో అదే మార్పు ఉంటే, రెండు చోట్లా ఒకే ఊహ తప్పిందనుకోవడం కష్టం. ఒకదానిలో మాత్రమే ఉంటే ముందుగా ఊహనే అనుమానించండి.

స్కాన్ గురించి రెండు మాటలు. ఫలితాల ఫైలులో తొమ్మిదవ గడిని చూసి ఒక డేటాబేస్‌ను మరొకదానితో పోల్చకండి. పీఫామ్ వరుసలో అక్కడ ఉండేది ఈ-విలువ (యాదృచ్ఛికంగా అలాంటి పోలికలు ఎన్ని రావచ్చో అంచనా), అది చిన్నదైతే మేలు. ప్రోసైట్ ప్రొఫైల్ వరుసలో ఉండేది స్కోరు, అది పెద్దదైతే మేలు. ప్రోసైట్ నమూనా వరుసలో కేవలం ఒక అడ్డగీత ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి క్రమంలో పేర్చిన పట్టికను నేను ఒక సమావేశంలో చూశాను, తయారుచేసిన వ్యక్తిని ఎవరూ ఏమీ అడగలేదు. రెండవది, మీరు వాడిన ఇంటర్‌ప్రో విడుదల సంఖ్యను పట్టిక శీర్షికలోనే రాయండి. ఎంట్రీలు విడిపోతుంటాయి, కలిసిపోతుంటాయి. విడుదల సంఖ్య లేని పట్టిక రెండేళ్ల తరువాత మీకే అర్థం కాదు.


వెన్నముద్ద (జయనగర్, బెంగళూరు):

ఇద్దరు పెద్దలూ చెప్పినది సబబుగానే ఉంది కానీ, ఆ మూడు అక్షరాలు లేకపోతే క్రియ లేనట్లే అన్న ధ్వని వినిపిస్తోంది కనుక కొంచెం అడ్డుపడుతున్నాను.

డబ్ల్యూఎన్‌కే కైనేజ్‌లకు ఆ పేరు రావడానికి కారణమే, ఉండవలసిన చోట లైసిన్ లేకపోవడం. కానీ అవి చక్కగా పనిచేస్తాయి. గ్లైసిన్ అధికంగా ఉండే మెలికలోని మరొక లైసిన్ ఆ బాధ్యత తీసుకుంది. కాస్క్ అనే ప్రొటీన్ మెగ్నీషియంను పట్టుకునే అమైనో ఆమ్లాలు లేవన్న కారణంతో చాలాకాలం సూడోకైనేజ్‌ల జాబితాలోనే ఉంది. మెగ్నీషియం లేకుండానే అది ఫాస్ఫేట్‌ను బదిలీ చేయగలదని 2008లో తేలింది. సెలెనోప్రొటీన్ ఓ మరీ విచిత్రమైనది. కైనేజ్ మడతతో ఫాస్ఫేట్‌ను కాక మొత్తం ఏఎంపీని మరొక ప్రొటీన్‌కు అంటిస్తుంది. కాబట్టి అక్షరాలు లేవని చూసి ‘నిష్క్రియం’ అని తీర్పు చెప్పడం కూడా ఐఈఏ వంటి ఊహే అవుతుంది, కాకపోతే దిశ తిరగబడుతుంది.

క్రియ లేకపోతే పని లేనట్లు కూడా కాదు. అరబిడాప్సిస్‌లోని స్ట్రబ్బెలిగ్ మీ ప్రొటీన్ వంటి ల్యూసిన్ పునరావృత్తుల రిసెప్టరే. ఫాస్ఫేట్ బదిలీ చేయకుండానే అది మొక్క అవయవాల ఆకృతికి అవసరమవుతోంది.

నా పేరుకు తగిన ఉదాహరణ ఒకటి చెప్పి ముగిస్తాను. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్, పాలలోని ఆల్ఫా-లాక్టాల్బుమిన్ ఒకే వంశానివి, ఒకే మడత గలవి, పీఫామ్‌లో ఒకే కుటుంబం కిందికి వస్తాయి. మొదటిది బాక్టీరియా గోడను కోస్తుంది. రెండవదానికి ఆ శక్తి లేదు. లైసోజైమ్‌లో కీలకమైన 35వ స్థానపు గ్లుటామేట్ దానిలో లేదు. అది గాలక్టోసిల్ ట్రాన్స్‌ఫరేజ్‌తో జతకట్టి పాలకు లాక్టోజ్‌ను సమకూరుస్తుంది. డొమైన్ స్థాయిలో ఆగిపోతే ఈ రెండూ ఒకటే. ప్రింట్స్ వంటి వేలిముద్రలు వీటిని విడదీయగలవు.

అందుకే పీఐఆర్‌ఎస్ఎఫ్ పద్ధతి నాకు ఇష్టం. మార్గరెట్ డేహాఫ్ 1965లో వెలువరించిన సీక్వెన్సుల అట్లాస్ నుంచి పెరిగిన పీఐఆర్ సంస్థ దాన్ని నడుపుతుంది. అది డొమైన్‌ను కాక ప్రొటీన్‌ను మొదటి నుంచి చివరి వరకు చూసి, పొడవూ డొమైన్‌ల అమరికా కలిసినవాటినే ఒక కుటుంబంలో పెడుతుంది. అదే సంస్థ తయారుచేసిన ఐప్రోక్లాస్ ఒక ప్రొటీన్‌కు కుటుంబం, క్రియ, నిర్మాణం, జీవరసాయన మార్గం వంటి వివరాలు ఏ డేటాబేస్‌లో ఏమున్నాయో ఒకచోట కట్టి చూపుతుంది. ఇంటర్‌ప్రో మోడళ్లను కలుపుతుంది, ఐప్రోక్లాస్ ఒక ప్రొటీన్ చుట్టూ ఉన్న సమాచారాన్ని కలుపుతుంది. రెండూ సమీకృత డేటాబేస్‌లే అయినా సమీకరించే వస్తువు వేరు. కైనేజ్‌లకే పరిమితమైనది కావాలంటే మన ఊరి భారతీయ విజ్ఞాన సంస్థలోనే ‘కింగ్’ అనే డేటాబేస్ 2004 నాటికే వచ్చింది.


సంగటి (ఎలహంక, బెంగళూరు):

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులు పట్టింది కానీ చెప్పినవన్నీ చేసి చూశాను.

పీఫామ్ మోడల్ దాదాపు పూర్తిగా పడింది, ఎక్సాన్ కలయికలన్నింటికీ రీడ్‌లు ఉన్నాయి. అలైన్‌మెంట్‌లో మొదటి స్థానంలో లైసిన్ ఉంది. రెండవ స్థానంలో అస్పార్టేట్‌కు బదులు ఆస్పరజిన్ ఉంది. మూడవ స్థానంలో అస్పార్టేట్‌కు బదులు గ్లైసిన్ ఉంది. రెండవ ఉపజీనోమ్‌లోని జోడీలో కూడా ఈ రెండు మార్పులూ అలాగే ఉన్నాయి, కనుక ఇది ఊహలో జరిగిన పొరపాటు కాదనుకుంటున్నాను. ఇదే పరీక్షను మిగతా జాబితాకు పెడితే, నేను ఇంతకుముందు సూడోకైనేజ్‌లని గుర్తుపెట్టుకున్న మరో రెండు జన్యువులు నిజంగానే ఎక్సాన్ జారిపోయినవని తేలింది. గిండీ రైలు గారు చెప్పకపోతే అవి అలాగే పట్టికలోకి వెళ్లేవి.

ఇప్పుడు నా సందేహం ఒక్కటే. జీన్ ఆంటాలజీ గడి నుంచి ‘ప్రొటీన్ కైనేజ్ క్రియ’ను తీసివేసి, ‘ఏటీపీ బంధనం’ ఉంచితే సరిపోతుందా? పేరు ఏమని రాయాలి?


పాత అలైన్‌మెంట్ (మల్లేశ్వరం, బెంగళూరు):

తీసివేయకండి. తీసివేస్తే రేపు మీ ఫైలును తిరిగి నడిపినవారు అది ఎందుకు లేదో తెలియక మళ్లీ చేర్చుతారు. యంత్రం ఇచ్చిన గడిని ఐఈఏ అని రాసి అలాగే ఉంచి, పక్కన మీ పరిశీలనకు మరొక గడి పెట్టండి. కీలకమైన అమైనో ఆమ్లాలు లేనందువల్ల ఒక క్రియ లేదని నిర్ణయించే సందర్భం కోసమే జీన్ ఆంటాలజీలో ఐకేఆర్ అనే ఆధార సంకేతం ఉంది. దాన్ని ‘కాదు’ అనే విశేషణంతో కలిపి మాత్రమే వాడాలి. మీ రెండవ గడిలో అదే రాయండి, ఏ స్థానాలు మారాయో కూడా రాయండి. వెన్నముద్ద గారి అభ్యంతరానికి కూడా అందులోనే చోటు దొరుకుతుంది, ఎందుకంటే ఆధారం ఏమిటో చదివేవారికి కనిపిస్తుంది. ఏటీపీ బంధనాన్ని ఐఈఏగానే వదిలేయండి. లైసిన్ ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు, సూడోకైనేజ్‌లలో ఏటీపీని పట్టుకునేవీ ఉన్నాయి, పట్టుకోనివీ ఉన్నాయి.

పేరుకు స్విస్-ప్రాట్ వాడుకను అనుసరించండి. ఇలాంటి అరబిడాప్సిస్ ప్రొటీన్‌లకు వారు ‘బహుశా నిష్క్రియమైన రిసెప్టర్ కైనేజ్’ అన్న అర్థం వచ్చే పేరే పెడతారు.


వెన్నముద్ద (జయనగర్, బెంగళూరు):

‘బహుశా’ ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. సంగటి గారూ, ఆ కైనేజ్ భాగాన్ని ఒంటరిగా తయారుచేసి, మెగ్నీషియంతో ఒకసారి, మాంగనీస్‌తో ఒకసారి, ఏదీ లేకుండా ఒకసారి పరీక్షించే వీలు మీ ప్రయోగశాలలో ఉందా?


సంగటి (ఎలహంక, బెంగళూరు):

మా దగ్గర ఆ సదుపాయం లేదు కానీ పక్క భవనంలో ఉంది, సోమవారం వెళ్లి అడుగుతాను. పట్టికలో రెండవ గడి ఈ రోజే చేర్చాను.